స్క్రీన్ల కోర్సుకు దోస్తును పిలువబోయిన

మా దగ్గరున్న సరుకులు మోసే విమానాలు ముసలివైనయి. కొత్తవి కొనుడు ఇప్పట్ల అయ్యేది కాదని, పాతవాటికే కొత్త రేడియోలు, ముల్లు తిరిగే మీటర్ల జాగల రంగుల స్క్రీన్లు పెట్టాలని పైనుంచి ఆర్డరొచ్చింది. నేను వాయుసేనల సార్జెంటును. ఇన్నేండ్ల సంది ఆ మీటర్లే విప్పి దిద్దుకుంట బతుకుతున్న. కొత్త సామాను మీద కోర్సుకు నన్ను, నా తోటి సార్జెంటు లచ్చీరాంను పంపుతమన్నరు. సముద్రం మీద గస్తీ తిరిగే విమానాలకు గూడ గిదే పని నడుస్తున్నదట, ఆ నౌకాదళం వాళ్లు గూడ మాతోనే కూసుంటరట. కాకపోతె కోర్సుకు పోవాలంటె ఇంకొన్నేండ్లు నౌకరీ చేస్తమని సంతకం పెట్టాలె.

లచ్చీరాం అవునన లేదు, కాదన లేదు. లీవు పెట్టి ఇంటికొచ్చిండు. నేను గూడ లీవు మీద మా ఊరు జనగామకు బయల్దేరుతుంటె మా ఆఫీసరు, నీ దోస్తును ఒప్పించి తీస్కరమ్మన్నడు. ఒప్పించుడు నాకు వెన్నతో పెట్టిన విద్య అన్నట్టు తల ఊపిన.

అవి తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న దినాలు. బొగ్గుబావులు బందైనయి. బొగ్గు లేక కరెంటు పోయింది, కరెంటు లేక లచ్చీరాం ఫోను సచ్చిపోయింది. ఎన్నిసార్లు కొట్టినా కలువలె. బస్సులు లేవు. రైళ్లు నడిచే దినం చూసుకొని నేనే పోదామనుకున్న. నా భార్య సరోజ డబ్బల పులిహోర సదురుకుంట, విమానాల మనిషివి మానుకోట దాక పోయొచ్చేందుకు గింత పరేషానా అన్నది. మహబూబాబాద్‌ను మేం మానుకోట అంటం, లచ్చీరాం వాళ్ల తండా ఆ పక్కనే. 

ఆరున్నర ప్యాసింజరు జనగామకు ఏడున్నరకు వచ్చింది. బస్సుల జనమంత రైల్లనే ఉన్నరు. తలుపు కాడ నిలబడ్డ. పక్కన కేసముద్రం మార్కెట్టుకు పోతున్న ఒక పెద్దమనిషి, ఏం పని జేస్తవు బిడ్డా అని అడిగిండు. అడిగిందే పాపం, వరంగల్ దాటేదాక చెప్పిన. రెక్కలు అవే, ఇంజన్లు అవే, పైలట్ ముందటి మీటర్లు మాత్రం మారుతయి, మబ్బుల గూడ తొవ్వ కనబడ్తది అన్న. ఆయన ఓపికగ విన్నడు.

"అయితె విమానం నువ్వే నడుపుతవా?"

నడపనన్న.

"మరి ఎక్కనన్న ఎక్కుతవా?"

అప్పుడప్పుడు ఎక్కుత, మూటల నడుమ కూసోబెడ్తరు అన్న. ఆయన తన సంచులు జర జరిపి, వాటి నడుమ నాకు జాగ చూపిచ్చిండు. కూసున్న.

పదికి మానుకోటల దిగి, స్టేషను బయట ఇడ్లీలు తిని, షేరాటోల తండాకు పోయిన. లచ్చీరాం తల్లి వాకిట్ల మక్కకంకులు ఒలుస్తున్నది. అమ్మను వాళ్ల భాషల యాడి అంటరు. లచ్చీరాం నేర్పిన రెండు లంబాడీ మాటలతోని పలకరించిన. ఆమె నవ్వి, తెలుగులనే మాట్లాడు బిడ్డా, నాకు మంచిగ సమజైతది అన్నది. లచ్చీరాం ఫోను గోడ మొలకు వేలాడుతున్నది. మనిషేమో భూపాలపల్లికి పోయిండట. అక్కడ ఆయన అక్క మొగడు భీమ్లా బొగ్గుబావిల పనిచేస్తడు. సమ్మెల జీతం లేదని బియ్యం బస్త తీస్కపోయిండట.

"మా వాన్ని మళ్ల తీస్కపోను వచ్చినవా?" అని అడిగింది.

ఊరికే చూసిపోదామని వచ్చిన యాడీ అన్న. ఆమె నమ్మలె. జొన్నరొట్టె మాత్రం పెట్టింది.

మధ్యాహ్నం బండికి మళ్ల వరంగల్ వచ్చి, భూపాలపల్లి పోయే జీపెక్కిన. పది మంది పట్టే జీపుల ఇరవై మందిమి. ఈ తొవ్వన పోయేటోళ్లకు ఒక మాట చెప్పాలె. వెనక తలుపు కాడ జాగ ఇస్తమంటె ఒప్పుకోవద్దు. నేను ఒప్పుకున్న, పరకాల చేరెటప్పటికి దుమ్ముకు మీసాలు ఎర్రబడ్డయి. పరకాలల సమ్మెకు మద్దతుగ రోడ్డు మీదనే పొయిలు పెట్టి వంటా వార్పు చేస్తున్నరు. బండ్లన్ని ఆగినయి. తొవ్వల పోయేటోళ్లను గూడ కూసోబెట్టి అన్నం, వంకాయ కూర వడ్డిస్తున్నరు. యూనిఫారం మనిషిని, ఇసొంటి కాడ కూసోవచ్చునా అని కాసేపు ఆలోచన చేసిన. కూర వాసన రాంగనే ఆలోచన ఆగిపోయింది. రెండోసారి గూడ పెట్టించుకున్న.

ఐదుకు భూపాలపల్లిల దిగిన. చౌరస్తల సమ్మె టెంటు, కింద తాటిపత్రి మీద కార్మికులు, వాళ్ల ఆడోళ్లు. లచ్చీరాం ఒక మూలకు కూసున్నడు. నన్ను చూసి ఆశ్చర్యపోలె, చెయ్యి ఊపిండంతే. ఆయన బావ భీమ్లా మాత్రం మైకు అందుకొని, విమానాలు నడిపే సారు మన టెంటుకు వచ్చిండని చెప్పి, ఆ మైకు నా చేతుల పెట్టిండు.

రాజకీయం మాట్లాడితె నా నౌకరీకి ముప్పు. ముందట ఒక పత్రిక పిలగాడు కెమెరా ఎత్తిండు.  తెలిసింది విమానాల సంగతే గనుక దాన్నే అందుకున్న. పాత విమానాలను ఎట్ల బాగుచేస్తరో చెప్పిన. సమ్మెల ఉన్నోళ్లకు పొద్దుపోవాలె గదా, మంచిగనే విన్నరు. ఒకాయన లేచి, తెలంగాణ వస్తె మనకు సొంత విమానాలుంటయా అని అడిగిండు. నేను నీళ్లు అడిగి తాగిన.

అప్పుడు ఆడోళ్లల ఒకామె లేచింది.

"మా బావులల్ల మిషన్లొచ్చి మనుషులు తగ్గిండ్రు. మీ తాన కొత్త సామానొస్తె పాత పనోళ్లను ఏం జేస్తరు?"

ఒక మంచి జవాబు నోటిదాక వచ్చింది, కాని చెప్పబుద్ధి కాలె.

"తెల్వదక్కా," అన్న. "నాకు గూడ గదే భయం. ఆ స్క్రీన్లు నాకు రావు. మా దోస్తు పక్కన ఉంటె నేర్చుకుంట అనుకున్న. అందుకే ఆయనను పిలువనొచ్చిన."

అంత లోపల అది ఉన్నదని నాకే తెల్వదు.  భీమ్లా మెల్లగ మైకు తీసుకున్నడు.

లచ్చీరాం నన్ను చాయ హోటలుకు తీస్కపోయిండు. ఆఫీసరు పంపిండని చెప్తవనుకున్న అన్నడు. పంపిండన్న. రెండు చాయల సేపు నచ్చజెప్పిన: పింఛను పెరుగుతది, స్క్రీన్లు నీకు అలకగ వస్తయి, ఇంకోటి, ఇంకోటి. అన్నీ విన్నడు.

"నేను రాను," అన్నడు. "గీ రాష్ట్రం వచ్చే దినం నేను ఈడ ఉండాలె. గా దినం మనకు లీవు ఇయ్యరురా."

అది నిజమే. ఇయ్యరు.

ఆ రాత్రి భీమ్లా ఇంట్ల పండి, పొద్దున లచ్చీరాం మోటార్ సైకిల్ మీద వరంగల్ స్టేషను చేరిన. బండి వచ్చేదాక ఇద్దరం బెంచి మీద కూసున్నం. భయమున్నదని నాకు ముందే ఎందుకు చెప్పలె అని అడిగిండు. ఒప్పిస్తె సరిపాయె, అడుగుడెందుకు అనుకున్న అన్న. పిచ్చోడా అని, నా సంచి తనే ఎత్తి రైల్ల పెట్టిండు.

కాజీపేట కాడ సిగ్నల్ దొరికితె ఆఫీసరుకు ఫోను కలిపిన. హిందీల చెప్పిన: లచ్చీరాం రాడు, నేను ఒక్కన్నే వస్త, నాకు స్క్రీన్ల గురించి ఏమీ తెల్వదు, మొదటి నుంచి నేర్పాలె.  

"నాకూ తెల్వదు," అన్నడు ఆయన. "నన్ను గూడ అదే కోర్సుల ఏసిండ్రు. పక్కన జాగ పట్టి పెట్టు."

ఫోను జేబుల పెట్టుకొని తలుపు కాడ నిలబడ్డ. రెండు దినాలు రైళ్లు, ఆటోలు, జీపులు మారి, ఎవరినో తెద్దామని పోయి నన్ను నేనే తీస్కొస్తున్న. ఘన్‌పూర్ దాటినంక పత్తి చేన్లు తెల్లగ విచ్చుకొని కనబడ్డయి. నాకెందుకో ఓడిపోయి వస్తున్నట్టు అనిపియ్యలె. ఇంటికి పోంగనే ఆ నౌకరీ కాయితం మీద సంతకం పెడుదామనుకున్న.