పావడ నాడా గాటులో పుట్టిన క్యాన్సర్

ఆ పొద్దు నీళ్లు పోసుకుందామని పావడ విప్పబోతే నాడా ఊడి రాలేదు. ఎడమపక్క నడుం మీద ఒంటికి అతుక్కుపోయింది. కొంచెం గట్టిగా లాగితే చురుక్కుమంది. చూస్తే నాడా మీద రక్తం, పసుప్పచ్చటి రసి. చిన్న అద్దం పట్టుకుని చూసుకున్నాను. నడుం చుట్టూ ఎన్నో ఏళ్లుగా ఉన్న నల్లటి గీతలో ఒకచోట చర్మం పగిలింది. పగులు చుట్టూ అంచు గట్టిపడి, వేలికి గరుగ్గా తగిలింది.

ఆ నల్లగీత ఏ ఆడదానికి లేదు చెప్పండి? వయసొచ్చిన దినం నుంచి అదే చోట, అంతే బిగించి కడతాం. చీర బరువంతా ఆ నాడా మీదే. దురద పుడితే గోకుతాం, కొబ్బరినూనె రాస్తాం, మళ్లీ అక్కడే ముడేస్తాం. నేను మదనపల్లెలో పట్టుచీరలు నేసేదాన్ని. పొద్దున మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంటే మధ్యాహ్నం సంగటికి లేచేదాన్ని. నేసిన చీర చుట్టుకునే కొయ్య పొట్టకు ఆనుతూ ఉంటుంది. నాడా కింద చెమట ఊరుతూనే ఉంటుంది. ఇది ఎనభైలు మొదలైన రోజుల మాట. నాకప్పుడు నలభై దాటాయి.

మొదట పసుపూ వేపాకూ నూరి పెట్టాను. పుండు ఎండినట్టే ఎండి మళ్లీ పగిలింది. పుంగనూరులో మా ఆడబిడ్డ సుబ్బమ్మ వదినె ఉంది. ఒకసారి వాళ్లింటికి పోయినప్పుడు ఆమెకు చూపించాను. ఆమె వాళ్ల వీధిలో సూదులేసే ఆయన దగ్గరికి తీసుకుపోయింది. నాకు సిగ్గు, ఆయనకు మొహమాటం. చీర పక్కకు జరపకముందే ఆయన తల తిప్పుకుని, "తామరమ్మా, ఆ చోట అందరికీ వచ్చేదే" అని ఒక ట్యూబు ఇచ్చాడు. అది అయిపోతే ఇంకొకటి. ఏడాది అట్లాగే గడిచింది. పగులు కాస్తా కాలీఫ్లవర్ ముక్క మాదిరి పైకి లేచింది. వాసన కూడా మొదలైంది. మగ్గం దగ్గర ఎవరైనా వచ్చి కూర్చుంటే నేను కొంచెం జరిగి కూర్చునేదాన్ని.

పక్కింట్లో ఖాతూన్ బీ ఉండేది. మిషన్ మీద ఆడవాళ్ల బట్టలు కుట్టేది. నాడా దూర్చే దోపు చినిగిందని నా పావడలు రెండు ఆమెకిచ్చాను. మరుసటి దినం వాటిని తీసుకుని మా వాకిట్లోకే వచ్చింది.

"ఇదేంది రత్నమ్మా? రెండిట్లోనూ ఒకే చోట రక్తం మరక. ఎంత కాలం నుంచి?"

చెప్పాను.

"యా అల్లా! ఏడాది మానని పుండును తామరంటాడా వాడు? పద, ఆసుపత్రికి. నీ మొగుడు రాకపోతే నేనొస్తా."

మా ఆయన మునెప్ప వచ్చాడు. ఖాతూన్ కూడా వచ్చింది.

మదనపల్లెలోనే ఒక ఆసుపత్రిలో ఆపరేషన్లు చేసే డాక్టరు చూశాడు. తెర వెనక పడుకోబెట్టినప్పుడు నా చేతులు నాడా ముడి విప్పలేదు. పరాయి మగవాడి ముందు నడుం చూపించడమంటే ప్రాణం పోయినట్టుండింది. నర్సమ్మ మెల్లగా, "ఆయన సూసేది పుండునమ్మా, నిన్ను కాదు" అంది. విప్పాను. ఆయన పుండు అంచులు నొక్కి చూశాడు. గజ్జల్లో రెండు పక్కలా వేళ్లతో తడిమాడు.

"ఇంతకాలం మానని పుండుకు నేను ఆయింట్‌మెంట్ రాయనమ్మా. చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాలి" అన్నాడు.

సూది వేసి ముక్క తీశారు. అది వేరే ఊరికి పోయి రిపోర్టు రావాలి. వచ్చిన దినం నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, మా ఆయనను వసారాలోకి పిలుచుకుపోయాడు డాక్టరు. గొంతు తగ్గించాడు గానీ, తలుపు సగం తెరిచే ఉంది.

"మీ ఆవిడకు ఇప్పుడే చెప్పొద్దు. భయపడుతుంది."

నేను లేచి పోయి వాళ్లిద్దరి మధ్య నిలబడ్డాను. "నడుం నాది సార్. నాకు చెప్పండి."

డాక్టరు మా ఆయన వైపు చూశాడు. మా ఆయన నేల చూశాడు. అప్పుడు డాక్టరు నన్ను లోపలికి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి, నాతోనే చెప్పాడు. ఆ మర్యాద నేను మర్చిపోలేదు.

"స్క్వామస్ సెల్ కార్సినోమా అంటారు. చర్మానికి వచ్చే క్యాన్సర్. ఏళ్ల తరబడి నాడా ఒరిసిన చోట పుట్టింది."

"సస్తానా?"

"ఇప్పుడు తీసేస్తే బతికే అవకాశం చాలా ఎక్కువ. గజ్జల్లో గడ్డలేమీ చేతికి తగల్లేదు, అది మంచిదే. ఊరికే వదిలేస్తే అక్కడికి పాకుతుంది. అప్పుడు నా చేతుల్లో కూడా ఉండదు."

ఎట్లా తీస్తారని అడిగాను. కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. పుండు ఒక్కటే కాదు, చుట్టూ బాగున్నట్టు కనిపించే చర్మం కూడా కొంత తీయాలంట. దాన్ని మార్జిన్ అంటారంట. ఆ గాయం కుట్టడానికి చర్మం చాలకపోతే తొడ మీద నుంచి పలచగా తీసి అతికిస్తారు. దాని పేరు స్కిన్ గ్రాఫ్ట్.

ఇంటికొచ్చేసరికి మా బావ, అంటే మా ఆయన అన్న, వచ్చి ఉన్నాడు. మా ఆయన సంగతి చెప్పాడు. "క్యాన్సర్ మీద కత్తి పడితే ఒళ్లంతా పాకుతుందంట. ఆపరేషన్ వద్దు" అని తేల్చేశాడు. కుప్పం నుంచి మా అమ్మ కూడా వచ్చి ఏడ్చింది. అక్కడ ఆకుమందు ఇచ్చే ఒకాయన ఉన్నాడు, ఎన్నో పుండ్లు మాన్పినాడు, ఒక్కసారి చూపించుకో అని కాళ్లా వేళ్లా పడింది. అమ్మ మాట కొట్టేయలేక కుప్పం పోయాను.

ఆ పెద్దమనిషి మంచివాడే. పుండు చూశాడు. నల్లటి మందు ముద్ద తీశాడు. "ఇది పెడితే కాలి, మాడి, రాలిపోతాది. కత్తి మాత్రం తగలనీయొద్దు తల్లీ. తగిలితే పాకుతాది" అన్నాడు.

"కత్తి తగలకుండానే ఇంతదూరం పాకింది కదా సామీ, అదెట్ల?" అన్నాను.

మా అమ్మ, "పెద్దాయన్ని అట్ల అంటారా?" అని నా చేయి గిల్లింది.

"పైన మాడి రాలిపోతాది సరే. లోపల ఉండేది కూడా పోయిందని ఎట్ల తెలుస్తాది? ఆడ డాక్టరు తీసిన ముక్కను మళ్లీ పరీక్షకు పంపుతాడంట. నువ్వు యాడికి పంపుతావు?"

ఆయనకు దండం పెట్టి లేచాను. మందు పెట్టించుకోలేదు. అమ్మ దోవ పొడుగునా తిట్టింది. బస్సెక్కించమని చెప్తే ఎక్కించింది, ఎక్కించి తానూ ఎక్కింది. "నువ్వు సచ్చేదుంటే నా ముందరే సావు" అంటా నా పక్కన కూర్చుంది. మదనపల్లె వచ్చేవరకూ నా చేయి వదల్లేదు.

ఆపరేషన్ దినం వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చారు. నడుం నుంచి కింద మొద్దుబారిపోయింది. మెలకువగానే ఉన్నాను. ముందర పచ్చగుడ్డ కట్టారు. కత్తెర చప్పుడు వినిపించేది, నొప్పి లేదు. డాక్టరు మధ్యలో "ఏం పని చేస్తావమ్మా?" అని అడిగాడు. "చీరలు నేస్తాను. నువ్వు బాగా కుట్టు సార్, వంకరగా ఉంటే ఒప్పుకోను" అన్నాను. నర్సమ్మ నవ్వింది.

చదివేవాళ్లకు ఒక మాట ముందే చెప్పాలి. నడుం మీది గాయం కంటే, చర్మం తీసిన తొడ ఎక్కువ బాధ పెడుతుంది. నాకెవరూ చెప్పలేదు. తొడ మంటకు నేను అరిస్తే అందరూ కంగారుపడ్డారు. అది మామూలేనని తర్వాత తెలిసింది. కాలిన బొబ్బ మాదిరి మండి మండి, తనంతట తనే మానుతుంది.

కొన్ని దినాల తర్వాత రిపోర్టు వచ్చింది. డాక్టరు నేరుగా నా మంచం దగ్గరికే వచ్చాడు. "మూడు పక్కల మార్జిన్ శుభ్రంగా ఉంది. వీపు వైపు అంచులో మాత్రం ఇంకా కణాలు ఉన్నాయి. ఆ పక్క మళ్లీ తీయాలి."

ఆ మాటకు నేను ఏడ్చాను. ఆపరేషన్ ముందర కూడా ఏడవలేదు. మా బావ అప్పుడు అక్కడే ఉన్నాడు. "సెప్పినానా లేదా? కత్తి పడింది, పాకింది! చాలించి ఇంటికి తీసుకుపోదాం పదరా మునెప్పా" అన్నాడు.

"పాకలేదు, మిగిలింది" అన్నాడు డాక్టరు. ఆ రెండిటికీ ఎంత తేడా ఉందో ఆ క్షణాన నాకు అర్థమైంది. పాకిందంటే కొత్తగా పోయినట్టు. మిగిలిందంటే ముందు నుంచీ ఉన్నదే, మన కత్తి ఇంకా దాని దగ్గరికి చేరలేదని. నేను కళ్లు తుడుచుకుని, "మిగిలిందాన్ని కూడా తీయి సార్" అన్నాను.

మా బావ మళ్లీ ఏదో అనబోతే మా ఆయన, పెళ్లైనప్పటి నుంచి అన్న ముందర గొంతెత్తని మనిషి, "అన్నా, ఆమె ఒళ్లు. ఆమె సెప్పిందే జరగనీ" అన్నాడు. అంతే.

రెండోసారి తీసిన తర్వాత అంచులన్నీ శుభ్రమని వచ్చింది. అయితే అతికించిన చర్మంలో ఒక మూల నల్లబడి చచ్చిపోయింది. డ్రెస్సింగ్ మార్చినప్పుడల్లా నర్సమ్మ ఆ నల్లపొర కొంచెం కొంచెంగా కత్తిరించేది. ఆ మూల కింది నుంచి ఎర్రటి కండ పూడి మానడానికి చాలా కాలం పట్టింది. వంగకూడదు, కూర్చోకూడదు, దగ్గినా నడుం పట్టుకునే దగ్గాలి. మగ్గం గుంత వైపు చూస్తే దుఃఖం వచ్చేది.

నడుం మీద ఏదీ కట్టకూడదన్నారు. మరి ఆడది ఏం కట్టుకోవాల? మొదట్లో మా ఆయన లుంగీ వదులుగా చుట్టుకుని, పైన తువ్వాలు కప్పుకుని ఉండేదాన్ని. ఖాతూన్ చూసి పగలబడి నవ్వింది. తర్వాత మిషన్ ముందు కూర్చుని, భుజాల మీది నుంచి వేలాడే పొడుగు పావడ కుట్టింది, చిన్నపిల్లల గౌను మాదిరి. దాని మీద చీర వదులుగా చుట్టి, పిన్నులతో ఆ గౌనుకే పెట్టమంది. బరువంతా భుజాలు మోస్తాయి, నడుం మీద దారం కూడా ఆనదు. కొళాయి దగ్గర ఆడవాళ్లు, "ఏం రత్నమ్మా, మూట కట్టినట్టుండావే?" అని నవ్వారు. "మూటైనా పానం లోపలే ఉండాది గదా" అని బిందె ఎత్తుకుని వచ్చేశాను.

నవ్వు ఓర్చుకోవచ్చు. పుంగనూరులో జరిగింది అంతకంటే కష్టం. సుబ్బమ్మ వదినె కోడలికి శ్రీమంతం. అందరికీ వరుసగా విస్తర్లు వేసి, నాకు మాత్రం వసారాలో దూరంగా ఒకటి వేశారు. పక్కన విడిగా ఒక లోటా. అందరూ ఆకుల్లోకి చూస్తా ఉన్నారు.

నేను నా విస్తరి చేత్తో పట్టుకుని వచ్చి వరుస మధ్యలో వేసుకున్నాను. అందరూ తాగే చెంబెత్తి నీళ్లు తాగాను.

"వదినా, క్యాన్సర్ అంటుకునేదైతే ముందు నీ తమ్మునికి అంటుకోవాల. ఆయన సూడు, రెండు ఒబ్బట్లు తిని మూడోదానికి సెయ్యి సాపుతాండాడు" అన్నాను.

ముందు కోడలు పిల్ల నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. సుబ్బమ్మ వదినె మొహం ఎర్రబడింది. కాసేపటికి తనే వచ్చి నా విస్తట్లో నెయ్యి పోసింది. ఆ సాయంత్రం నన్ను గదిలోకి పిలిచి, తలుపు మూసి, తన నడుం చూపించింది. నల్లగీత, దాని మీద పొలుసు. పుండు లేదు. "ఈ పొద్దు నుంచే నాడా వదులు సెయ్యి" అన్నాను. తర్వాత ఆమెను మదనపల్లె తీసుకుపోయి డాక్టరుకు చూపించాను కూడా.

మళ్లీ మగ్గం మీద కూర్చోవడం మొదలుపెట్టాక ఒకసారి చెకప్‌కు పోతే గజ్జలో చిన్న గడ్డ తగిలింది. దాన్ని కూడా తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చేదాకా నేను మగ్గం మీదే కూర్చున్నాను. వచ్చేది ఎట్లాగూ వస్తుంది, నేసేది నేయాలి కదా. అది ఇన్ఫెక్షన్‌తో ఉబ్బిన గడ్డే గానీ క్యాన్సర్ కాదని చెప్పారు. ఆ దినం ఖాతూన్ ఇంట్లో సేమియా పాయసం తిన్నాను.

ఇప్పుడు ఎనభైలు ముగింపుకొచ్చాయి. నేను మగ్గం నేస్తూనే ఉన్నాను. కొయ్యకూ నాకూ మధ్య మెత్తటి గుడ్డ పెట్టుకుంటాను. అతికించిన చోట చర్మం నున్నగా, కొంచెం గుంట పడి ఉంటుంది. చెమట పట్టదు, తాకితే సరిగా తెలియదు. దినమూ నూనె రాస్తాను. అద్దం పెట్టి చుట్టూ చూసుకుంటాను, గజ్జల్లో తడుముకుంటాను. చెకప్ ఒక్కటి కూడా తప్పలేదు. మా వీధిలో ఏ ఆడబిడ్డకైనా నడుం దగ్గర దురదంటే మా ఇంటికి పంపిస్తారు. నేను మొదట నా మచ్చ చూపిస్తాను, తర్వాత వాళ్లది చూస్తాను. ఇందులో నాకు సిగ్గు లేదు.

ఇది చదివే అక్కచెల్లెళ్లకు ఒకటే చెప్తాను. నాడా కట్టే చోటైనా, పాత కాలిన మచ్చ మీదైనా, ఒక నెల దాటినా మానని పుండుంటే ఇంకో ట్యూబు తీసుకుని ఇంటికి రావద్దు. డాక్టరు ఎదురుగా కూర్చుని, "దీంట్లో ముక్క తీసి బయాప్సీకి పంపండి" అని మీ నోటితో మీరే అడగండి. అవసరం లేదంటే ఎందుకు లేదో చెప్పమని అడగండి. జవాబు వచ్చేదాకా ఆ కుర్చీలోంచి లేవకండి.