విరిగిన స్టీరింగు రాడ్డు

మొన్న మా అల్లుడి కారు బాగుచేయించడానికి వెళితే, కౌంటరు దగ్గరి అమ్మాయి ఏదో భాగం పాడైందని, మార్చేశామని ఒక కాగితం చేతిలో పెట్టింది. ఎందుకు పాడైందని అడిగితే తనకు తెలియదంది. పని చేసినవాణ్ని కలవనివ్వరట. ఇంటికొచ్చినా కుదురుగా కూర్చోలేకపోయాను. మనసు నలభై ఏళ్ల వెనక్కి, పూర్ణా మార్కెట్ దగ్గరి ఒక రేకుల షెడ్డుకి పోయింది.

ఉక్కు కర్మాగారం కడుతున్న రోజులవి. పోర్టులో గుమాస్తాగా చేరి మా మావయ్యగారింట్లో ఉండేవాణ్ని. మా అత్తకు పెద్ద ఆపరేషనై నెల రోజులు ఆసుపత్రిలో ఉన్నాక, మర్నాడు ఇంటికి పంపిస్తామన్నారు డాక్టర్లు. పద్మనాభంలో ఉన్న ఇంటిదాకా బస్సు కుదుపులు ఆవిడ ఓర్చుకోలేరు కనుక, బ్రేకులు చూపించి తెమ్మని మావయ్య తన పాత కారిచ్చి నన్ను పంపారు.

అరగంట పనే కదా అనుకుంటూ రోడ్డుకీ షెడ్డుకీ మధ్య తిరుగుతుంటే లోపల ఠప్పుమని చప్పుడైంది. వెళ్లి చూస్తే మెకానిక్ పక్కన సుత్తి, చేతిలో రెండు ముక్కలైన స్టీరింగు రాడ్డు ఉన్నాయి. బ్రేకులు చూడమంటే దీన్నెందుకు ముట్టుకున్నావని, సుత్తితో ఎందుకు కొట్టావని, రేపు మా అత్తను ఎలా తీసుకెళ్లాలని, ఒకదానికి జవాబు వచ్చేలోగా ఇంకోటి అడుగుతూ మీద పడిపోయాను. మా నాన్న వయసు మనిషి. అంతా విని, విరిగిన చోటు ఎండలోకి తిప్పి చూపించాడు.

“సక్రం ఊగతంటే అనుమానమొచ్చి సూసినాను బాబూ. ఇది ఇయ్యాల పడ్డ పగులు కాదు. అంచంతా తుప్పట్టీసినాది, మద్దిన ఈ కాసింతే కొత్తగా మెరస్తన్నాది. ఎక్కడైనా గుద్దీసినారేటి?”

లేదన్నాను. నిజానికి రెండు నెలల కిందట, మావయ్యకు చెప్పకుండా కారు తీసి, స్నేహితుణ్ని దువ్వాడ స్టేషన్లో దింపి వస్తూ ఒక కల్వర్టు గోడకు గుద్దాను. సొట్ట నేనే సరిచేసి, గీతలు కనబడకుండా రంగు పూసి ఊరుకున్నాను. మెకానిక్ నా మొహంకేసి ఒక్కసారి చూశాడు. మళ్లీ అడగలేదు.

సాయంత్రం మావయ్య వచ్చి, బాగున్నదాన్ని విరగ్గొట్టావని నానా మాటలూ అన్నారు. “నా సేతిలోనే ఇరిగినాది బాబూ” అన్నాడే తప్ప ఆ మనిషి నావైపు చూడనైనా లేదు. మర్నాడు పొద్దున్నే పాతసామాను కొట్లన్నీ తిరిగి ఇంకో రాడ్డు తెచ్చి, మధ్యాహ్నానికి బిగించాడు. ఆసుపత్రి నుంచి దారి పొడుగునా అత్త వెనక సీట్లో కునుకుతుంటే, ఈ మలుపులో విరిగి ఉంటే, ఆ లారీ ఎదురొచ్చినప్పుడు విరిగి ఉంటే అనుకుంటూ నడిపాను.

వారం రోజులు అన్నం సయించలేదు. చివరికి మావయ్యతో చెప్పేశాను. ఆయన తిట్టలేదు, మర్నాడు నన్ను వెంటబెట్టుకుని షెడ్డుకి వెళ్లి, ఆ రోజు నోరు జారానని నా ఎదుటే మెకానిక్‌తో అన్నారు. ఆ మాట అనాల్సింది నేను. నేను మావయ్య వెనకే నిలబడ్డాను. మెకానిక్ స్టూలు తుడిచి మావయ్యను కూర్చోమని, “అమ్మగారికి ఎలాగున్నాదండి?” అని మాత్రం అడిగాడు.

ఇప్పుడు నేను ఆయన వయసు ఎప్పుడో దాటేశాను. ఎదుటివాడి అబద్ధం చేతికి దొరికితే నలుగురిలో పెట్టేదాకా ఊరుకోని రోజులివి. వాటితోపాటు నేనూ అలాగే తయారయ్యాను. నా అబద్ధం తెలిసీ చూపు తిప్పుకున్న ఆ మనిషి పేరైనా అడగలేదే అని గుర్తొచ్చినప్పుడు మాత్రం కూర్చున్నచోట కూర్చోలేక, లేచి వసారాలో అటూ ఇటూ తిరుగుతుంటాను.