కంపెనీ గోలీ, ఇంటి గోలీ

ఒమన్‌లోని సోహార్ సైట్‌లో అందరి ముందూ ఫోర్‌మన్ ఎహసాన్ పెద్దులు కాకాను కామ్‌చోర్, పనిదొంగ అన్నాడు. స్కాఫోల్డింగ్ రెండో మెట్టు మీదే ఆగి, తొడలు పట్టుకొని నిలబడ్డ మనిషిని చూపిస్తూ "ఇస్‌కో చర్బీ చఢ్ గయీ" అన్నాడు. కొవ్వెక్కిందని మనమూ అంటాం కదా, మనవాళ్లు పగలబడి నవ్వారు. నవ్విన వాళ్లలో కాకా వండిపెట్టిన కూర తిన్నవాళ్లే ఎక్కువ.

నిజానికి అతని రోగం కొవ్వే, కాకపోతే రక్తంలో. జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చి సగం జీవితం ఇనుప పైపుల మీదే గడిపాడు. అలాంటివాడు మంచం మీంచి లేవడానికి క్యాంపులో పక్క మంచం మీదుండే నా చెయ్యి అడుగుతున్నాడు. నీళ్ల బకెట్ ఎత్తలేడు. ఇలాగే ఉంటే ఇంటికి పంపేస్తానని ఎహసాన్ చెప్పేశాడు.

"వయసైపాయె బిడ్డా. పైకెక్కనోడు ఈడెందుకు?" అన్నాడు కాకా.

శుక్రవారం బలవంతంగా బయటి క్లినిక్‌కు తీసుకెళ్లాను. కొవ్వుకు ఏం మందు వాడుతున్నావని డాక్టరమ్మ హిందీలో అడిగింది. రాత్రి ఒక్క గోలీ, అంతే అన్నాడు.

"మరి పొద్దున మింగేది?" అన్నాను.

"అది కంపెనీ గోలీ రా. ఈసారి మెడికల్ పాస్ కానీకి వాళ్లిచ్చిన్రు. కొవ్వుకు మింగేది ఇంటి గోలీ, జగిత్యాల నుంచి తెచ్చుకున్నది."

గోలీల పట్టీలు రెండూ జేబులోనే ఉన్నాయి. డాక్టరమ్మ వాటిని పక్కపక్కన పెట్టి చూసింది. పైన పేర్లే వేరు, లోపల మందు ఒకటే. డోసు ఎక్కువైతే కొందరికి కండరాలు దెబ్బతింటాయట, ముదిరితే కిడ్నీలకూ ప్రమాదమట. రక్తం, మూత్రం పరీక్ష చేయించింది. కిడ్నీలు బాగున్నాయని చెప్పేదాకా కాకా కుర్చీ చెయ్యి వదల్లేదు. ఇప్పటికి రెండూ ఆపమంది, నొప్పులు తగ్గాక తక్కువ డోసుది ఒక్కటే మొదలుపెడదామంది.

"అంటే నేను ముసలోన్ని కాలే!" అన్నాడు బయటికొచ్చి, నవ్వుతూ.

"ఏం గోలీయో అడగకుండ మింగుడేందే కాకా?"

"ఇన్నేండ్ల సంది కంపెనీ ఏమన్నా మింగుడే గదరా."

కొన్ని వారాల్లో నొప్పులు పోయాయి. ఈలోగా నన్ను సహం అనే ఊళ్లోని సైట్‌కు పంపేశారు. మొన్న సోహార్ వెళ్లినప్పుడు క్యాంపు గేటు దగ్గర కలిశాడు. ఎహసాన్ తప్పయిందన్నాడా అని ముందు అదే అడిగాను. నాకింకా మండుతూనే ఉంది.

"వాని ముచ్చట ఇడిసిపెట్టు పిల్లగా," అన్నాడు కాకా. "నిన్న కొసదాకా ఎక్కిన. చెయ్యి పట్టనీకి ఎవ్వన్నీ పిలువలే. పైన కూసొని సల్లగ నీళ్లు తాగిన."