గోళ్ళలో చేపలు

తెనాలిలో పద్మజ గారి పార్లర్‌కి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది గంగాభవాని కోసమే వస్తారు. వేలికి అతికించిన ప్లాస్టిక్ గోటిలో కాస్త ఖాళీ ఉంచి, బియ్యపుగింజంత బంగారురంగు చేపబొమ్మను అందులో వేసి, సిరంజితో బేబీ ఆయిల్ ఎక్కించి, రంధ్రాన్ని జెల్‌తో మూసేస్తుంది. చెయ్యి వంచితే చేప ఈదుతుంది. నూనె ఎక్కించేటప్పుడు ఊపిరి బిగబట్టి కింది పెదవి కొరుక్కుంటుంది. రోజూ పొద్దున్నే చేపల రేవు నిజాంపట్నంలో అమ్మకి చేపలు కోసిపెట్టి, నిమ్మచెక్కతో చేతులు తోముకుని, రెండుసార్లు వాసన చూసుకుని మరీ బయల్దేరుతుంది.

ఆరోజు వచ్చినావిడ ఎడమచేతి గోళ్ళు అయిదూ పూర్తయ్యేదాకా ముచ్చటగా చూస్తూ కూర్చుంది. "ఏ ఊరమ్మా మీది?" అని అడిగింది.

"నిజాంపట్నమండి."

ఆవిడ చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "అదీ సంగతి. ఇందాకట్నుంచీ చేపల వాసనేంటా అనుకుంటున్నా."

పద్మజ గారు నవ్వేశారు. "వెళ్ళి చేతులు కడుక్కురా భవానీ."

కడుక్కొచ్చింది. ఒళ్ళు మండిపోతోంది. ఇంతసేపూ ఆవిడ చెయ్యి తన చేతిలోనే ఉంది. ఊరి పేరు చెప్పేదాకా లేని వాసన, చెప్పగానే ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆవిడ కుడిచెయ్యి అందుకుని మళ్ళీ సిరంజి తీసింది. ఆవిడ ఫోనులో మునిగిపోయింది.

పనయ్యాక ఆవిడ రెండు చేతులూ వంచి చూసుకుంది. కుడిచేతి గోళ్ళలో ఒట్టి నూనె కదిలింది.

"ఈ చేతికి చేపలు వెయ్యలేదేంటి?"

భవాని పద్మజ గారికి కూడా వినబడేలా చెప్పింది. "వాసనొస్తాయని మానేశానండి."