మాట మధ్యలో తెగే లైను

పత్రికకు వార్తలు రాసే పని మానుకున్నాక, అరకు దగ్గర ఒక సంత ఊళ్లో చిన్న ఆరోగ్య కేంద్రం బాగోగులు చూడటానికి ఒప్పుకున్నాను. రాతి గోడల పాత ఇల్లు, రెండే గదులు. ఇంటర్నెట్ లైను వచ్చి దిగే రౌటర్ ముందు గదిలో ఉండేది, కంప్యూటర్ లోపలి గదిలో. ఆ గోడలు దాటి వైఫై అందేది కాదు గనక రెంటికీ మధ్య ఒక కేబుల్ లాగారు. విశాఖపట్నంలో కూర్చున్న డాక్టరమ్మ కంప్యూటర్ తెర మీద కనిపించి రోగులతో మాట్లాడేవారు. పక్కన కూర్చుని బీపీ చూసి చెప్పడానికి, మందులివ్వడానికి ఒక నర్సు ఉండేది. ఈ కొండల్లో పుట్టిన పిల్లే.

వానలు పట్టాక లైను తెగడం మొదలైంది. పూర్తిగా పోతే ఎవరినో పిలుస్తాం, బాగుచేస్తారు. ఇది అలా పోయేది కాదు. ఒక రోగితో సాఫీగా సాగేది. తర్వాతి మనిషి దగ్గర డాక్టరమ్మ బొమ్మ నోరు తెరిచినట్టే ఆగిపోయేది. నర్సు ముందు గదిలోకి వచ్చి రౌటర్ ఆపి మళ్లీ వేసేది. లైను వచ్చేది. ఆమె వెళ్లి కూర్చున్న కాసేపటికి మళ్లీ పోయేది.

లైను కంపెనీవాళ్లు తమ లైను బాగానే ఉందన్నారు. ముందు గదిలో ఫోన్ పెట్టి చూస్తే వాళ్ల మాట నిజమే. కేంద్రం నడిపే మా సంస్థ ఆఫీసుకు ఎప్పుడు చెప్పినా "రౌటర్ ఆపి మళ్లీ వేశారా?" అనేవారు. వేశామనేవాణ్ని. "ఇంకోసారి వేసి చూడండి" అనేవారు.

శృంగవరపుకోట నుంచి టెక్నీషియన్ వానలో ఘాట్ ఎక్కి వచ్చేవాడు. కేబుల్ కొసలు కత్తిరించి కొత్త పిన్నులు బిగించాడు. ఇంకోసారి రౌటరే మార్చాడు. అతను ఉన్నంతసేపూ లైను బుద్ధిగా ఉండేది.

"నన్ను సూత్తే దీనికి బయం లాగుందండి" అన్నాడు.

"అయితే మీ పొటో ఒకటి ఇచ్చీసి ఎల్లండి, గోడకి తగిలిత్తాం" అంది నర్సు.

అతను నవ్వి బండి ఎక్కాడు. ఆ సాయంత్రమే లైను పోయింది.

సంతకు విస్తళ్లు కుట్టే అడ్డాకులు తెచ్చి అమ్మే ఒకామె ఉండేది. కానుపుల తర్వాత వచ్చిన బాధేదో చాన్నాళ్లుగా దాచుకుని తిరుగుతోంది. నర్సు ఎన్నో సంతలు బతిమాలగా ఒకనాడు వచ్చి తెర ముందు కూర్చుంది. ఆమె నోరు విప్పేసరికి లైను పోయింది. మరుసటి సంతకు మళ్లీ వచ్చింది. మళ్లీ అక్కడే పోయింది. తర్వాత రావడం మానేసింది. ఎందుకని అడగడానికి వెళ్లిన నర్సు మొహం వేలాడేసుకుని తిరిగొచ్చింది.

"డాక్టరమ్మకి అసయ్యమేసి కట్ సేసీసిందంటందండి. ఇంటికాడ మొగోడికే సెప్పుకోలేదు, ఆవిడికి సెప్పబోతే మొకం తిప్పీసుకుందంట. లైను పోనాదమ్మా అంటే, నాకే ఎందుకు పోద్ది, రెండుసార్లూ ఆ మాటకాడే ఎందుకు పోద్ది అంటంది. నానేటి సెప్పాలి?"



ఒక ముసురు రోజు రోగులెవరూ రాలేదు. లోపలి గదిలో కూర్చుని, కంప్యూటర్ నుంచి రౌటర్‌కు పలకరింపులు పంపుతూ జవాబు వస్తోందో లేదో చూపించే పరీక్ష ఒకటి నడిపించాను. తెర మీద వరస తర్వాత వరస పడుతూనే ఉంది. చూసి చూసి కళ్లు మూతలు పడుతున్నాయి. ముందు గదిలోంచి మంచు లోపలికి వస్తుంటే చలికి ఓర్వలేక లేచి రెండు గదుల మధ్య తలుపు వేశాను. చెక్క వానకు ఉబ్బి ఉంది, భుజం ఆనించి నెట్టాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి తెర మీద జవాబులు ఆగిపోయాయి.

తలుపు తీశాను. వచ్చాయి. వేశాను. ఆగాయి. కేబుల్ గుమ్మం మూల నుంచి లోపలికి వస్తోంది. తలుపు గట్టిగా పడితే నలుగుతోంది. నెలల తరబడి వెతికింది దొరికితే సంతోషం కలగాలి. నాకు ఆకులమ్మే ఆమె గుర్తొచ్చింది.

నర్సును పిలిచి చూపించాను. ఆమె తలుపు వైపే చూస్తూ నిలబడింది.

"మొగోలొత్తే తలుపు తీసే ఉంచుతానండి. ఆడోలు అసలు మాట సెప్పీటప్పుడే మూసీదాన్ని. రౌటర్ కాడికి రాడానికి తలుపు తీసీదాన్ని, లైనొచ్చీసేది. నాను రౌటర్ బాగుసేసాననుకున్నాను."

టెక్నీషియన్ వచ్చినప్పుడల్లా అతను రెండు గదుల మధ్యా తిరుగుతూనే ఉండేవాడు. తలుపు మూసే పనే పడలేదు. ఈసారి కొత్త కేబుల్‌ను తలుపు పైనున్న వెంటిలేటర్ గుండా వేసి వెళ్లాడు.

తర్వాతి సంతలో నర్సు ఆకుల ఆమె దగ్గర చతికిలబడి ఇదంతా చెప్పింది. నేను కొంచెం దూరంలో నిలబడ్డాను.

"ఇప్పుడు తప్పు తలుపు మీదకి నెట్టీసినారా" అంది ఆమె, ఆకులు సర్దుతూ. "డాక్టరమ్మ మీద తప్పు పెట్టకూడదు గదా."

"నువ్వే వొచ్చి అడుగు పిన్నీ. ఆవిడ అబద్దమాడితే నీకు తెలీదేటి?"

ఆమె వెంటనే లేవలేదు. ఎండ తిరిగాక, అమ్ముడుపోని కట్టలు నెత్తిన పెట్టుకుని వచ్చింది. కట్టలు నా కుర్చీ పక్కన దింపి లోపలికి వెళ్లింది. తెర మీద డాక్టరమ్మ నమస్కారం పెట్టారు. ఈమె పెట్టలేదు.

"అమ్మా, ఆ దినం నా మాట ఎంతదాకా ఇన్నావు?"

డాక్టరమ్మ తన నోట్సు తిరగేశారు. "మూడో కానుపు తర్వాత అన్నావమ్మా. అక్కడితో నీ బొమ్మ ఆగిపోయింది. చాలాసేపు చేశాను, మళ్లీ కలిసేసరికి నువ్వు వెళ్లిపోయావు. రెండోసారీ అంతే. నువ్వేం చెప్పబోయావో నాకు తెలియలేదు."

ఆమె నర్సు వైపు చూసింది. తర్వాత లేచి, తనే తలుపు నెట్టి మూసింది.

నేను ముందు గదిలో రౌటర్ దీపాన్ని చూస్తూ కూర్చున్నాను. అది వెలుగుతూనే ఉంది. లోపలి మాటలు బయటికి వినిపించలేదు. బయట సంత లేచిపోతోంది, జీపులు హారన్లు కొడుతున్నాయి. ఎవరో గుమ్మంలోకి తొంగిచూసి ఆకుల కట్టలు అమ్ముతారా అని అడిగారు.

ఆవిడ లోపల ఉంది, ఆలస్యమవుతుంది అని చెప్పాను.