వానలో పూసే కనకాంబరం

తమిళుల అయిప్పసి నెల వాన పడుతున్న పొద్దున పిన్నమ్మ ఫోన్ చేసింది. "మీ చిన్నాయన పోయినాడు పాపా. కాఫీ అడిగినాడు. నేను తెచ్చేలోపల పోయినాడు" అంది. ఏడవలేదు. ఏదో గుర్తొచ్చినట్టు, "చెట్లన్నీ పూసి ఉండాయి" అని చెప్పి పెట్టేసింది.

చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు. మదురైలో ఒక కాలేజీలో తోటమాలిగా పనిచేశాడు. అలాంటివాళ్ళు పోయినప్పుడు విశ్వాసపాత్రుడు, నెమ్మదస్తుడు అని రాయడం ఆనవాయితీ. మా చిన్నాయన నెమ్మదస్తుడు కాదు, మొండివాడు. ఆ మొండితనానికి దండం పెట్టడానికే ఇది రాస్తున్నాను.

ఊరు ఊడవడానికి ఎప్పుడో తెచ్చి పెట్టిన తెలుగువాళ్ళ వీధి మాది. గడప దాటితే తమిళం, లోపల తెలుగు. బైబిలు చదవాలని మా అవ్వ చిన్నాయనకూ నాకూ తెలుగు అక్షరాలు నేర్పింది. ఆ వీధిలో పెయింటు డబ్బాల్లో, పగిలిన బకెట్లలో చిన్నాయన కనకాంబరాలు పెంచేవాడు. మదురైలో మల్లెపువ్వుదే రాజ్యం. వాసన లేదని కనకాంబరమంటే చిన్నచూపు. పైగా వానలు పట్టుకుంటే పూత ఆపేసి ముడుచుకుంటుంది. వానల్లో కూడా ఆగకుండా పూసే చెట్టు ఒకటి చెయ్యాలని ఆయన పట్టుదల. ఎందుకంటే, "మల్లికి ఊరంతా ఉండాది. దీనికెవురుండారు?" అనేవాడు.

పనికి వెళ్ళేముందు, ఇంకా విచ్చని పువ్వు గొట్టాన్ని గోటితో చీల్చి, లోపలి పుప్పొడి తీసేసేవాడు. వేరే చెట్టు పుప్పొడిని అగ్గిపుల్లకు చుట్టిన దూదితో అద్ది, గుర్తుకు పిన్నమ్మ చీర అంచులోంచి లాగిన దారం కట్టేవాడు. పిన్నమ్మకు మంచి అంచున్న చీర ఒక్కటీ మిగల్లేదు. ఏది తల్లి, ఏది తండ్రి, ఏ నెలలో పూత ఆగింది, అన్నీ నోటుబుక్కులో తెలుగులో రాసుకునేవాడు. ఆ వంకర అక్షరాలు చూస్తే మా అవ్వ చెవి మెలిపెట్టేదే.

నేను టీచరు పనిలో చేరిన ఏడు, ఒక చెట్టు వానల్లో కూడా పూసింది. పండగ చేసుకున్నాం. కానీ ఎండిన కనకాంబరం కాయకు ఒక్క నీటి చుక్క తగిలితే చాలు, టప్పున పగిలి గింజలు ఎగిరిపోతాయి. వానలో పూసిన చెట్టుకు కాయలు కూడా వానలోనే ఎండాలి కదా! మేకలు రాకుండా కంప కట్టాడే గానీ ఆకాశాన్ని మరిచిపోయాడు. తెల్లారి చూస్తే అన్నీ ఖాళీ తొక్కలే. నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం ఇల్లిల్లూ తిరిగి విరిగిన గొడుగులు అడిగి తెచ్చుకున్నాడు.

మరుసటి వానలకు డబ్బాకొక గొడుగు. తను తడుస్తూ పనికి. "మనిసి తడస్తా ఉండాడు, చెట్టుకి కొడ పట్టినాడు" అని వీధంతా ఒకటే నవ్వు.

"నేను తడిస్తే తుడుచుకుంటే శరి. అది తడిస్తే ఒక వరుసం పోతాది" అన్నాడు.

అలా నాలుగైదేళ్ళు గింజలు కాపాడి, మొలిపించి, పనికిరానివి పీకేసి, చివరికి సాధించాడు. అయిప్పసి, కార్తీకం, మార్గళి, మూడు వాన నెలలూ పూసే చెట్టు. వార్త కాలేజీకి చేరింది. వృక్షశాస్త్రం ప్రొఫెసరు మా వీధికి వచ్చాడు. అంతకుముందు ఆయన కాలు మా వీధిలో పడగా ఎవరూ చూడలేదు. ఈ రకాన్ని డిపార్ట్‌మెంటు పేరున రిజిస్టరు చేయిస్తామనీ, సహాయం చేసినవాళ్ళలో చిన్నాయన పేరు కూడా వేస్తామనీ చెప్పాడు.

చిన్నాయన చేతులు కట్టుకోలేదు. తమిళంలో ఒక్క మాటే అడిగాడు. "దీనికి తల్లి ఏది, తండ్రి ఏది, మీరు చెప్పండి సార్." ప్రొఫెసరు నోటుబుక్కు తీసుకుని తిరగేశాడు. ఆ తెలుగు ఒక్క ముక్క అర్థం కాలేదు. పుస్తకం తిరిగిచ్చి వెళ్ళిపోయాడు.

ఉద్యోగం పోతుందని పిన్నమ్మ హడలిపోయింది. "ఇచ్చేయ్యా. వేల పోతే ఏం తింటాం? సుమ్మా, ఉత్త ఒక చెట్టుకోసరం!"

"వేల వాళ్ళది. చెట్టు నాది."

ఆ వారమే వీధిలో ప్రతి ఇంటికీ ఒక మొక్క ఇచ్చాడు. షరతు ఒక్కటే, ఎవరడిగినా లేదనకూడదు. అందరి దగ్గరా ఉన్నదాన్ని ఒక్కడు నాదని ఎలా అంటాడో చూద్దామన్నాడు. ఉద్యోగం పోలేదు. కానీ తోటలోంచి తీసి హాస్టలు కాలువలు కడగడానికి వేశారు. పుప్పొడి రేణువును నొప్పించకుండా ఎత్తగల చేతికి, మా వీధికి ఎప్పుడూ చూపించే పనినే చూపించారు. రిటైరయ్యేదాకా ఏడేళ్ళు ఆ పనే చేశాడు. ఇంటికొచ్చి, స్నానం చేసి, చెట్ల దగ్గర కూర్చునేవాడు. ఒక్కసారి కూడా తిట్టలేదు. ఆయన బదులు నేను తిట్టాను, ఇప్పటికీ తిడుతున్నాను. ఆ ఏడేళ్ళూ పిన్నమ్మ ఆ చెట్ల వైపు చూసేది కాదు. పువ్వు కోసి తలలో పెట్టుకున్నది లేదు.

మట్టి చేసే రోజు కూడా వాన తెరిపియ్యలేదు. మార్కెట్టులో కనకాంబరం లేదు. వీధిలో ఆడవాళ్ళు తమ తమ గుమ్మాల ముందు కోసిన పువ్వులు గంపలతో తెచ్చి శవపెట్టె నింపేశారు. బయల్దేరేముందు పిన్నమ్మ గంపలోంచి ఒక మూర దండ తీసి తలలో పెట్టుకుంది. దుఃఖంలో ఉందని ఎవరూ ఏమనలేదు.

సమాధి పూడ్చాక, వరసకు పెద్దమ్మ అయ్యే ఒకావిడ దగ్గరికొచ్చింది. కిరస్తానీలమైనా మాలోనూ మగడు పోతే పువ్వు తీసేస్తారు. "ఇంక ఇది నీకు కూడదమ్మా" అంటూ పిన్నమ్మ తల మీద చెయ్యి వేసింది.

పిన్నమ్మ ఆ చేతిని పట్టుకుని కిందికి దించింది. కోపంగా కాదు, కానీ గట్టిగా.

"ఇది మా ఆయన చేసినది" అంది. "ఉండనీ."

పెద్దావిడ పక్కకు తప్పుకుంది. పిన్నమ్మ కొంగు కూడా కప్పుకోకుండా ఇంటిదాకా వానలోనే ముందు నడిచింది. వెనక నేను. నెరిసిన జుట్టు తడిసి మెడకు అంటుకుపోయింది. దాని మీద ఆ దండ నిప్పులా ఎర్రగా ఉంది.