నాలుగో పాటలో అరనిమిషం

మా ఇంట్లో ‘ఆవిడ’ అంటే మా అమ్మ కాదు, మా వదిన కాదు, నేనైతే అసలే కాదు. తన పాటలు తనే రాసుకుని, తనే బాణీ కట్టుకుని, తనే పాడుకునే ఒక గాయని. ఆవిడ మమ్మల్ని చూసింది లేదు, మేమూ ఆవిడను ఎదురుగా చూసింది లేదు. అయినా సరే, “ఈ పాటలో ఆవిడ గొంతు బొంగురుగా లేదూ? జలుబు చేసిందో ఏమో, చూసేవాళ్లున్నారో లేదో” అని మా వదిన భోజనం దగ్గర బెంగపెట్టుకుంటుంది. మా అన్నయ్య బస్సు డ్రైవరు. “నాకు జ్వరమొస్తే మాత్రం మాత్ర అక్కడుంది, వేసుకో అంటావు” అని దెప్పుతాడు. “నువ్వూ ఒక పాట పాడు, నీకూ బెంగపెట్టుకుంటాను” అంటుంది వదిన.

వదిన మా ఇంటికి వచ్చేసరికి నాకు పన్నెండేళ్లు. అంతకుముందు ఏడేళ్లపాటు ఆమె రెండొందల కుట్టుమిషన్లున్న ఫ్యాక్టరీలో పనిచేసింది. ఆవిడ పాట మొదటిసారి విన్నది అక్కడే. మధ్యాహ్నం భోజనాల వేళకి మిషన్లన్నీ ఒక్కసారిగా ఆపేసేవారట. అలా ఆపిన ఒక రోజు ఎవరి రేడియోలోంచో ఆ గొంతు వినిపించిందట. పెళ్లయి మా ఇంటికి వచ్చేటప్పుడు ఆమె తెచ్చుకున్నవి నాలుగు జతల బట్టలు, ఒక కుట్టుమిషను, ఆవిడ క్యాసెట్టు.

మా ముందుగదిని వదినే దుకాణం చేసింది. స్కూలు యూనిఫాంలు, నర్సుల కోట్లు, గౌన్లు, కిటికీ తెరలు, ఏది ఇచ్చినా కుట్టేది. నేను మాస్టారితో పోట్లాడి కాలేజీ మానేసి ఇంటికొచ్చిన రోజున అందరూ నన్ను కడిగేశారు. నాకు ముక్కు మీదే కోపం, ఇప్పటికీ అంతే. వదిన మాత్రం ఒక్క మాట అనలేదు. తన మిషను పక్కన ఇంకో స్టూలు వేసి, చేతికి సూదీ దారం ఇచ్చింది. పెళ్లయి రెండు వీధుల అవతల కాపురం పెట్టాక కూడా, పొద్దున్నే వచ్చి ఆ స్టూలు మీదే కూర్చుంటున్నాను. కాజాలు, బొత్తాలు, అంచులు నావి. మిగతాదంతా ఆమెది.

ఉత్తరాలు మాత్రం ఇద్దరివీ. ఆవిడ కొత్త ఆల్బమ్ వచ్చినప్పుడల్లా పాట పాటకీ అభిప్రాయం రాసి పంపిస్తాం. వదిన మూడో తరగతితో చదువు ఆపేసింది. చదవగలదు గాని, రాయడానికి కూర్చుంటే ఒక్కో అక్షరం గుమ్మడికాయంత అవుతుంది. అందుకని ఆమె చెబుతుంది, నేను కొలతల పుస్తకం వెనక పేజీల్లో రాసుకుని తర్వాత శుభ్రంగా ఎత్తి రాస్తాను. ఊరికే రాసిపెట్టే రకాన్ని కాదు కదా నేను. ప్రతి పాటకీ ఆమె అభిప్రాయం కింద ‘మరదలి అభ్యంతరం’ అని నాదొకటి తగిలిస్తాను. వదిన నన్ను లాయరమ్మా అని పిలిచేది అందుకే. ఆ పాత క్యాసెట్టుతో మొదలుపెట్టి ఇప్పటికి ఆరు ఉత్తరాలు వెళ్లాయి. ఒక్కదానికీ జవాబు లేదు. నాకు ఒళ్లు మండేది.

“జవాబు కోసం రాస్తామేంటే పిచ్చిదానా?” అనేది వదిన. “చొక్కా వేసుకున్నవాడు భుజం దగ్గర లాగుతోందని చెప్పకపోతే కుట్టినదానికి ఎలా తెలుస్తుంది?”

ఆరేళ్ల తర్వాత మొన్న ఏడో ఆల్బమ్ వచ్చింది. తొమ్మిది పాటలు. ఆదివారం పొద్దున షట్టరు సగం దించి, మిషన్ల మీద గుడ్డలు కప్పి, కత్తిరింపు బల్ల మీద ఫోనూ, చిన్న స్పీకరూ పెట్టుకుని కూర్చున్నాం. ఆ రోజు నేను వెళ్లింది ఆవిడ కోసమేగాని వదిన కోసం కాదు. ఎనిమిది నెలలుగా వదిన నన్ను లెక్కచేయడం మానేసింది. వెనకనుంచి పలకరిస్తే పలకదు. ఎదురుగా చెబితే “గొణగకు, సరిగా చెప్పు” అని కసురుతుంది. శుక్రవారం కాజాల దారం అయిపోయిందని మూడుసార్లు చెప్పాను, తలైనా తిప్పలేదు. పొగరెక్కింది అనుకున్నాను. విసురుగా ఇంటికి వెళ్లిపోయి శనివారమంతా మొహం చూపించలేదు.

మొదటి పాట, తాళం వేశానా లేదా అని సగం దారిలోంచి వెనక్కి వచ్చే మనిషి గురించి. “గుడ్డ మంచిదే” అంది వదిన. “కానీ మొదటిదే ఇంత బిగుతుగా కుడితే ఎలా? ఊపిరాడట్లేదు.” తాళం కోసం కంగారుపడేవాళ్లకి ఊపిరెలా ఆడుతుందని నా అభ్యంతరం రాశాను. రెండోది బస్సులో కిటికీ పక్క సీటు పాట. దానికి చేతులు పొడుగయ్యాయట, ఆఖరి చరణం కత్తిరించేయాలట. ఆఖరి చరణం లేకపోతే బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగాను. “బస్సుల గురించి డ్రైవరు పెళ్లానికి నువ్వు చెబుతావా?” అంది. కోపంలో ఉన్నానని మర్చిపోయి నవ్వేశాను.

మూడో పాటలో ఇద్దరు ఆడవాళ్లు తడి దుప్పటిని చెరో కొసా పట్టుకుని పిండుతుంటారు. పాట అయిపోయింది. “ఇది నాది. దీనికి కొలత పెట్టను” అంది వదిన.

“నీ ఒక్కదానిదేనా? రెండో కొస ఎవరు పట్టుకున్నారు?” అన్నాను.

“చాల్లే సంబడం, రాయి అలాగే” అని నా నెత్తి మీద ఒకటి మొట్టింది.

నాలుగో పాట ఎవరికోసమో ఎదురుచూసే పాట. రెండో చరణం అయ్యాక ఆవిడ గొంతు ఆగిపోయింది. వాయిద్యాలన్నీ ఆగిపోయాయి. చిరుగంటలు మొదలయ్యాయి. సన్నగా, ఒకదాని వెనక ఒకటి, అరనిమిషం సేపు. నేను పెన్ను కింద పెట్టేశాను. వదిన కళ్లు మూసుకుని ఉంది. పాట అయిపోయాక కళ్లు తెరిచి, ఆమె నోట ఎప్పుడూ వినని మెత్తదనంతో చెప్పింది.

“రాసుకో. ఇరవై ఏళ్లకి ఆవిడ ఊరుకోవడం నేర్చుకుంది. మధ్యలో అరనిమిషం ఏమీ లేదు చూశావూ? గొంతు లేదు, వాయిద్యం లేదు, ఉత్త ఖాళీ. ఫ్యాక్టరీలో మధ్యాహ్నం మిషన్లన్నీ ఆపేస్తే అలాగే ఉండేది. ఆ ఖాళీలోనే నేను ఆవిడను మొదటిసారి విన్నాను. ఈ ఆల్బమ్‌కంతటికీ అదే ప్రాణం అని రాయి.”

వేళాకోళం ఆడుతోందనుకున్నాను. మొహం చూస్తే అలా లేదు. ఆ గంటలు ఆమెకి వినపడనే లేదు. ఒకటొకటే గుర్తొచ్చాయి. మిషనులో నూనె ఇంకిపోతే సన్నగా కీచుమంటుంది. ఇదివరకు వంటింట్లో ఉన్నా వదినకి అది వినిపించేది, “మిషను ఏడుస్తోంది, నూనె వెయ్యవే” అని అక్కడినుంచే కేకేసేది. ఈ మధ్య పక్కనే కూర్చుని కూడా పట్టించుకోకపోతే, బద్ధకమనుకుని విసుక్కుంటూ నేనే వేస్తున్నాను. చిన్నపిల్లలు కొలతలకి వస్తే వాళ్లతో మాట్లాడకుండా తల్లివైపే చూస్తోంది. పొగరు కాదది. సన్నటి చప్పుళ్లు ఆమెను వదిలి వెళ్లిపోయాయి. పక్కన కూర్చుని ఎనిమిది నెలలుగా తిట్టుకున్నానేగాని ఒక్కసారీ తట్టలేదు నాకు. నామీద నాకే అసహ్యం వేసింది.

ఏం చెయ్యను? అక్కడ గంటలున్నాయని చెబితే, అంత గొప్పగా చెప్పిన మాట ఆమె చేతిలోంచి లాక్కున్నట్టవుతుంది. చెప్పకపోతే ఆవిడ ఆ ఉత్తరం చదివి నవ్వుకుంటుంది. నా వదినను చూసి ఎవరైనా నవ్వితే నేను బతికుండగా ఊరుకుంటానా? తలొంచుకుని ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. కింద నా అభ్యంతరం రాయలేదు.

ఐదో పాటకి మెడ లోతైందంది, సరేనన్నాను. ఆరో పాటలో వాయిద్యాలు ఎక్కువయ్యాయని, లేసు మీద లేసు కుట్టి అసలు గుడ్డ కనపడకుండా చేసిందని అంది, అవునన్నాను. ఏడోది పళ్ల డాక్టరు దగ్గర కూర్చున్నవాడి భయం మీద నవ్వులాట పాట. వదిన పడీపడీ నవ్వింది. నేనూ నవ్వినట్టు నటించాను. ఎనిమిదో పాట తల్లి పాత కోటు వేసుకుని చూసుకునే కూతురిది. అది అయిపోగానే వదిన, “చెత్త. తీసి పారేయమను. రాసుకో” అంది.

రాసుకున్నాను.

వదిన లేచి వచ్చి నా చేతిలో పెన్ను లాక్కుంది. “నీకా పాట నచ్చింది. కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. కావాలనే చెత్త అన్నాను, చూద్దామని. నోరు మూసుకుని రాస్తావా? నువ్వు? నాలుగో పాట దగ్గర్నుంచి నాతో ఒక్కసారీ పోట్లాడలేదు. ఏముంది అందులో?”

“ఏం లేదు వదినా.”

“లాయరమ్మా, నన్ను చూసి చెప్పు.”

“గంటలున్నాయి” అన్నాను. “నువ్వు ఖాళీ అన్నావే, అక్కడ. చిరుగంటలు. అరనిమిషం పొడుగునా.”

వదిన ఫోను అందుకుంది. పాట మళ్లీ పెట్టింది. స్పీకరు రెండు చేతులతో ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. ఆ చోటు రాగానే, “ఏదీ?” అంది. నేను గంట మోగినప్పుడల్లా బల్ల మీద వేలితో తట్టాను. నా వేలివైపే చూస్తూ కూర్చుంది. వేలు ఆగాక స్పీకరు కింద పెట్టింది.

“నువ్వు గొణుగుతున్నావనుకున్నాను” అంది. “నేనంటే విసుగొచ్చి లోపల్లోపల తిట్టుకుంటున్నావని. ఎన్ని రోజులు ఏడ్చానో తెలుసా, నువ్వు నన్ను వదిలేసి పోతావేమోనని.”

“నేనెక్కడికి పోతాను వదినా?” అని ఆమె ఒళ్లో తల పెట్టేశాను. నీకు పొగరెక్కిందనుకున్నానని కూడా చెప్పేశాను. “మొద్దుమొహమా” అని నా జుట్టు నిమిరింది. కాసేపటికి ఆమె చెయ్యి ఆగిపోయింది.

“ఆవిడ గొంతు కూడా నాకు వినపడకుండా పోతుందంటావా?”

“రేపే డాక్టరుకి చూపిద్దాం” అన్నాను. తొమ్మిదో పాట వినకుండానే ఫోను కట్టేసింది వదిన. ఉత్తరం ఆపమంది.

మర్నాడు దుకాణానికి తాళం వేసి చెవుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. అద్దాల గదిలో కూర్చోబెట్టి రకరకాల చప్పుళ్లు వినిపించి, వినపడితే చెయ్యెత్తమన్నారు. డాక్టరమ్మ మీట నొక్కినా ఆమె చెయ్యెత్తని సార్లు అద్దం ఇవతల నేను లెక్కపెట్టుకున్నాను. ఫ్యాక్టరీ రోజుల్లోనే, ఆ మిషన్ల హోరుకి మొదలై ఉంటుందని డాక్టరమ్మ అంది. వదిన అడిగింది ఒకటే, పాడే గొంతు వినిపిస్తుందా అని. లోతైన గొంతైతే వినిపిస్తూనే ఉంటుందని, ఏడాదికోసారి చూపించుకోవాలని, పోయిన సన్న చప్పుళ్లు మాత్రం వినికిడి మిషను పెట్టి చూస్తేగాని చెప్పలేనని, ఎంత వస్తే అంతేనని ఆమె చెప్పింది.

“ఇంకో మిషనా? దీనికీ నూనె వెయ్యాలా?” అంది వదిన. డాక్టరమ్మకి నవ్వాగలేదు. మా వదిన చేతిలో చీటీని నాలుగు మడతలు పెట్టి మళ్లీ విప్పడం నేనొక్కదాన్నే చూశాను.

మూడు వారాలకి అవి వచ్చాయి, రెండు చెవులకీ రెండు. తగిలించుకుని దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు. ప్లాస్టిక్ సంచి గలగలమంటే ఉలిక్కిపడింది. “నా చెప్పులు ఇంత వాగుతాయని ఒక్కరూ చెప్పలేదేం?” అని నన్నే దెబ్బలాడింది. అన్నయ్య బస్సు డిపోలో పెట్టేసి తిన్నగా దుకాణానికే వచ్చాడు. గుమ్మం దగ్గరే ఆగిపోయి, లోపలికి రావాలో వద్దో తెలియనట్టు నిలబడ్డాడు.

నాలుగో పాట పెట్టాను. రెండో చరణం అయిపోయింది, ఆవిడ గొంతు ఆగింది. నేను ఈసారి తట్టకుండా చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. ముందు వదిన మొహంలో ఏ మార్పూ లేదు. తర్వాత బల్ల మీద ఆమె చూపుడువేలు కదిలింది. ఒకసారి. ఇంకోసారి. గంటతోపాటే, ఒక్కటీ తప్పకుండా. అన్నయ్య గోడవైపు తిరిగిపోయాడు. నాకు ఏడుపు ఆగలేదు, ఆమె కూడా ఏడుస్తూనే ఉంది, ఏడుస్తూనే వేలితో తడుతోంది.

పాట అయిపోయాక కళ్లు తుడుచుకుంది. “పుస్తకం తియ్యి.”

“అప్పుడు చెప్పింది కొట్టేయనా?”

“ఎందుకు కొట్టేస్తావు? దాని కిందే రాయి. గంటలు విన్నాను, ముద్దొస్తున్నాయి. అయినా అవి లేకుండానే ఆ పాట బాగుంది. తీసేయమను.”

నేను ఒంటికాలి మీద లేచాను. “మతి గాని పోయిందా వదినా నీకు? ఆ అరనిమిషం కోసం ఆవిడ ఎంత తపన పడి ఉంటుంది! అంత తెలిసినావిడకి లేకపోతేనే బాగుంటుందని నువ్వు చెబుతావా?”

“ఎంత తెలిసినా ఆవిడ గంటలతోనే వింది, నువ్వూ గంటలతోనే విన్నావు” అంది వదిన. “గంటలతోనూ, గంటలు లేకుండానూ విన్నది నేనొక్కదాన్నే. నా మాట నమ్మమని రాయి.”